పాత పోస్ట్‌మాన్ సంచి

2009లో ఒక గురువారం రాత్రి, క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి గరాజ్‌లో బల్ల కింద పెట్టిన పాత కంప్యూటర్లో నేనొక చిన్న మార్పు చేశాను. ఆ కంప్యూటరుకి ఉన్న పని ఒక్కటే, ఈ చుట్టుపక్కల ఉన్న నలభై తెలుగు కుటుంబాల ఈమెయిల్ లిస్టు నడపటం. ఒకరు లిస్టుకి ఉత్తరం రాస్తే నలభై ఇళ్ళకీ వెళ్తుంది. అప్పటికింకా వాట్సాప్ గుంపులు రాలేదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరింట్లో ఉంది అన్న దగ్గర్నుంచి, అద్దెకి ఇల్లు కావాలి అన్నదాకా అన్నీ ఆ లిస్టులోనే.

అదే సాయంత్రం లిస్టులోని ఒకాయన మెల్బోర్న్ నుంచి ఒక ఉత్తరం రాశారు. శనివారం పొద్దున వాళ్ళమ్మగారు హైదరాబాదు నుంచి మొదటిసారి, ఒంటరిగా, సిడ్నీలో దిగుతున్నారు. తను ఆఫీసు పనిమీద మెల్బోర్న్‌లో చిక్కుకుపోయారు, ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. ఎవరైనా ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఆవిణ్ణి ఇంటికి చేర్చగలరా అని ఉత్తరం. ఒక్కరూ జవాబివ్వలేదు. శుక్రవారం రాత్రిదాకా ఎదురుచూసి, చివరికి తనతో పనిచేసే ఒక గుజరాతీ స్నేహితుణ్ణి బతిమాలుకున్నారు. తెలుగు తప్ప మరో భాష రాని ఆ పెద్దావిడ, తన పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డ తెలియని మనిషి వెంట బితుకుబితుకుమంటూ కారెక్కి ఇల్లు చేరారు.

ఆదివారం నాకు ఫోన్ వచ్చింది. "ఏమండీ, నలభై ఇళ్ళున్నాయి కదా. రాలేం అని చెప్పడానికైనా ఒక్కరికి తీరిక లేకపోయిందా?" అన్నారాయన. నేను "మాకు అలాంటి ఉత్తరమేదీ రాలేదండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు లేదు. ఉత్తరం అందింది అని నా కంప్యూటరు ఆయన కంప్యూటరుకి స్పష్టంగా రసీదు ఇచ్చింది మరి.

ఆ ఉత్తరం ఏమైందో చెప్పాలంటే నేను ఆ రాత్రి చేసిన చిన్న మార్పేమిటో చెప్పాలి. ఎగ్జిమ్ అనే ప్రోగ్రాముని తీసేసి, దాని స్థానంలో పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాముని పెట్టాను. రెండూ చేసే పని ఒక్కటే. ఒకదాని బదులు ఒకటి పెట్టుకోవచ్చని ఆపరేటింగ్ సిస్టమే చెప్తుంది. ఒకే ఒక్క ఆదేశం, ఎంటర్ కొడితే రెండు నిమిషాల్లో పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. ఈ "ఒకదాని బదులు ఒకటి" అనే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, ఎక్కడిదాకా పనిచేస్తుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మీలో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళకి కొన్ని సంగతులు తెలిసినవే అయివుంటాయి. ఓపిక పట్టండి.

ఈ రకం ప్రోగ్రాముల్ని డీమన్లు అంటారు. పేరు విని భూతప్రేతాలు అనుకోవద్దు. 1960లలో ఎం.ఐ.టి.లో పనిచేసినవాళ్ళు, భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన కనబడని పనివాణ్ణి తలుచుకుని ఆ పేరు పెట్టారు. తెరమీద కనబడకుండా, ఎవరూ పిలవకుండానే వెనకాల కూర్చుని తన పని తాను చేసుకునేది డీమన్. వచ్చిన ఉత్తరాలు పుచ్చుకుని పంచేది ఒకటి, గడియారం సరిచేసేది ఒకటి, ఇంట్లోని ఒక్కో కంప్యూటరుకీ ఒక్కో అడ్రసు ఇచ్చేది ఒకటి. ఉత్తరాల డీమన్ని మన ఊళ్ళో పోస్ట్‌మాన్ అనుకుంటే చాలు. పోస్ట్‌మాన్ బదిలీ అయి వెళ్తే ఇంకొకాయన వస్తాడు. మనం కార్డు ముక్క డబ్బాలో వేసేటప్పుడు ఈసారి ఎవరొచ్చారో కనుక్కోం. డబ్బా మారదు కాబట్టి కనుక్కోవలసిన అవసరం లేదు.

ఉత్తరాల విషయంలో ఆ ఎర్రడబ్బా పేరు "సెండ్‌మెయిల్". దీని చరిత్ర కొంచెం చెప్పాలి. అందులో మన సిడ్నీ కూడా ఉంది.

1970ల చివర్లో నెట్‌వర్కులు అనేకం ఉండేవి, ఇంటర్నెట్ అనే ఒక్కటి లేదు. అమెరికాలో ఆర్పానెట్ ఒకటి, టెలిఫోన్ లైన్లమీద ఒక యూనిక్స్ కంప్యూటరు ఇంకోదాన్ని పిలిచి ఉత్తరాలు చేతులు మార్చే యు.యు.సి.పి. ఇంకొకటి. 1979 ప్రాంతంలో సిడ్నీ విశ్వవిద్యాలయంలో బాబ్ కమర్‌ఫెల్డ్, పియర్స్ లాడర్ కలిసి సిడ్నీ యూనిక్స్ నెట్‌వర్క్ అని సొంతంగా ఒకటి తయారుచేశారు. అదే పెరిగి ఎ.సి.ఎస్.నెట్ అయి, 1980లలో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల మధ్య ఉత్తరాలు మోసింది. ఈ దేశపు అడ్రసులు అప్పట్లో "ఓజ్" అని ముగిసేవి. తరవాత "ఏయూ" వచ్చి ఓజ్ దాని కిందికి చేరింది. బయటి ప్రపంచానికి వెళ్ళే ఉత్తరాలు మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలోని "మునారి" అనే కంప్యూటరు గుండా పోయేవి. 1989 జూన్‌లో మెల్బోర్న్‌కీ హవాయికీ మధ్య సెకనుకి 56 కిలోబిట్ల ఉపగ్రహ లింకు పడ్డాక గానీ ఈ ఖండం నేరుగా ఇంటర్నెట్‌లో చేరలేదు. ఇప్పుడు మన ఇంట్లో పిల్లాడు చూసే ఒక్క వీడియోకి ఆ లింకు ఏ మూలకీ చాలదు.

ఒక నెట్‌వర్కులో అడ్రసు ఎట్ గుర్తుతో ఉంటే, ఇంకో నెట్‌వర్కులో ఆశ్చర్యార్థకాలతో ఉండేది, దారిలో తగిలే కంప్యూటర్ల పేర్లన్నీ వరుసగా రాయాలి. మన పల్లెల్లో "రామాలయం పక్క సందు, వేపచెట్టు ఎదురుగా" అని అడ్రసు చెప్పినట్టు. బర్క్‌లీలో చదువుకునే ఎరిక్ ఆల్మన్‌కి ఈ తలనొప్పి తగిలింది. 1979లో డెలివర్‌మెయిల్ అని ఒకటి రాశాడు, దాన్ని తిరగరాసి 1983లో బి.ఎస్.డి. యూనిక్స్‌తో పాటు సెండ్‌మెయిల్ని పంచాడు. ఎలాంటి అడ్రసునైనా నియమాల ప్రకారం ఇంకో రకంగా మార్చగల ప్రోగ్రాము అది. ఆ నియమాల ఫైలు చూస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంటుందని పాతకాపులు జోకు వేసుకునేవారు. నేను హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఫైలుని ముట్టుకునే అధికారం ఒక్క సీనియరుకే ఉండేది. ఆయన కూడా ముట్టుకునే ముందు ఒక దణ్ణం పెట్టుకునేవాడు.

సెండ్‌మెయిల్ అంతటా వ్యాపించింది. అందులోనే ప్రమాదమూ ఉంది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు వేల కంప్యూటర్లని కూలదోసింది. అది దూరిన దారుల్లో ఒకటి, సెండ్‌మెయిల్‌లో పరీక్షల కోసం పెట్టి మూయడం మరిచిపోయిన దొడ్డితలుపు. ఊరందరికీ ఒకే తాళం అయితే ఒక్క తాళంచెవితో ఊరంతా దోచుకోవచ్చు కదా.

ఆ తరవాత పదేళ్ళలో మూడు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. 1995లో కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ ఎగ్జిమ్ మొదలుపెట్టాడు. డాన్ బెర్న్‌స్టయిన్ క్యూమెయిల్ రాశాడు. 1998లో ఐ.బి.ఎమ్.లో వీట్సె వెనెమా పోస్ట్‌ఫిక్స్ విడుదల చేశాడు. ఎగ్జిమ్ ఒకే పెద్ద ప్రోగ్రాము, అన్నీ తానే చేస్తుంది. పోస్ట్‌ఫిక్స్ చిన్న చిన్న ప్రోగ్రాముల గుంపు, ఒక్కోదానికి పనికి తగ్గంత అధికారమే ఇస్తారు. లోపల ఒకదానికొకటి పోలికే లేదు. అయినా మూడూ ఒక్క విషయంలో తలవంచాయి. మూడూ తమతోపాటు "సెండ్‌మెయిల్" అనే పేరుతో ఒక ప్రోగ్రాము ఇస్తాయి. ఎందుకంటే అప్పటికే వేల ప్రోగ్రాములు ఆ పేరుతోనే ఉత్తరాలు పంపడం అలవాటు చేసుకున్నాయి. "సెండ్‌మెయిల్, చివర టి" అని పిలిస్తే, ఎవరికి పంపాలో ఉత్తరం తలకట్టులోనే చదువుకోవాలి. ఆ పిలుపుకి పలకకపోతే కొత్త పోస్ట్‌మాన్‌కి ఊళ్ళో పని దొరకదు.

మనవాళ్ళందరికీ తెలిసిన పోలిక ఒకటి చెప్తాను. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీని ఇక్కడ గోడకి పెట్టాలంటే ప్లగ్ ఆకారం వేరు, అడాప్టరు కావాలి. అడాప్టరు పెడితే చాలు, అక్కడా ఇక్కడా 230 వోల్టులే కాబట్టి మిక్సీ హాయిగా తిరుగుతుంది. అదే మిక్సీని అమెరికాలో చెల్లెలికి పంపించి అడాప్టరు పెట్టమంటే, ప్లగ్ దూరుతుంది, అల్లం మాత్రం నలగదు. అక్కడ 120 వోల్టులు. సెండ్‌మెయిల్ అన్న పేరు అడాప్టరు లాంటిది. ఆకారం కుదిరిందని చెప్తుంది, వోల్టేజి సంగతి చెప్పదు.

ఇహ ప్యాకేజీల సంగతి. లినక్స్‌లో ప్రోగ్రాముల్ని మూటలుగా కట్టి ఇస్తారు, వాటినే ప్యాకేజీలంటారు. నా గరాజ్ కంప్యూటర్లో ఉన్నది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టింది, స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేది. మూట మీద చీటీ ఉంటుంది, ఈ మూట పనిచేయాలంటే ఫలానా మూట కూడా కావాలి అని. ఉత్తరాలు పంపే చిన్న ప్రోగ్రాము చీటీలో ఏమని రాయాలి? ఎగ్జిమ్ కావాలి అని రాస్తే పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్ళ గతేమిటి? అందుకని డెబియన్‌వాళ్ళు లేని మూటకి ఒక పేరు పెట్టారు. "మెయిల్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెంట్" అన్నది అలాంటి ఉత్త పేరు, ఆ పేరుతో మూటేమీ లేదు. అది ఉద్యోగం పేరు, మనిషి పేరు కాదు. ఎగ్జిమ్ తన చీటీలో "నేను ఆ ఉద్యోగం చేస్తాను" అని రాసుకుంటుంది, పోస్ట్‌ఫిక్స్ కూడా. ఉత్తరాలు పంపే ప్రోగ్రాము "ఆ ఉద్యోగంలో ఎవరో ఒకరుంటే చాలు" అని రాసుకుంటుంది. ఇలాంటి ఉద్యోగాల పేర్లు ఎవరికి వారు పుట్టించడానికి వీల్లేదు. అందరితో చర్చించి ఒక జాబితాలో ఎక్కించాకే వాడాలని డెబియన్ నిబంధన.

కానీ ఇద్దరు పోస్ట్‌మాన్లు ఒకే ఊళ్ళో ఒకే డబ్బా తెరుస్తానంటే కుదరదు. సెండ్‌మెయిల్ అనే ఫైలు ఒక్కరిదే కావాలి. ఉత్తరాలు వచ్చే 25వ నంబరు గుమ్మం దగ్గర ఒక్కరే కూర్చోగలరు. అందుకే చీటీలో మూడు మాటలు రాస్తారు. మొదటిది ప్రొవైడ్స్, అంటే ఈ ఉద్యోగం నేను చేస్తాను. రెండోది కాన్‌ఫ్లిక్ట్స్, ఈ ఉద్యోగం చేసే ఇంకెవరితోనూ కలిసి ఉండను. మూడోది రిప్లేసెస్, ఉన్నవాణ్ణి దింపి నేను కూర్చుంటాను. ఇక్కడొక తమాషా ఉంది. ఎగ్జిమ్ తనే ఆ ఉద్యోగం చేస్తానంటుంది, ఆ ఉద్యోగం చేసేవాడితో పడదనీ అంటుంది. మరి తనతో తనకే పడదా? ఏ మూటా తనతో తాను పోట్లాడినట్టు లెక్కకాదని నిబంధనల్లో విడిగా రాసి ఉంచారు. ఎంత ముచ్చటైన వాక్యం! మన లాయర్లు కూడా ఇంత ముందుచూపుతో రాయరు. ఈ మూడు మాటల వల్లే పాతది దిగడం, కొత్తది ఎక్కడం ఒకే ఊపులో జరుగుతాయి, మధ్యలో దానిమీద ఆధారపడ్డ మిగతా మూటలు ఊడిపోవు.

ఎవరూ లేనప్పుడు ఎవర్ని పెట్టాలి అన్నదానికి "డిఫాల్ట్ ఎమ్‌టిఎ" అని ఇంకో పేరుంది. డెబియన్‌లో ఆ పేరు ఎగ్జిమ్‌ది, ఉబుంటులో పోస్ట్‌ఫిక్స్‌ది. చీటీలో "డిఫాల్ట్, లేకపోతే ఎవరైనా" అని రాస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన న్యూఎలియాసెస్ గురించి. ఎలియాస్ అంటే మారుపేరు, ఫలానా పేరుకి వచ్చే ఉత్తరాలు ఫలానావారికి ఇవ్వు అనే పట్టిక. పోస్ట్‌ఫిక్స్ ఆ పట్టికని నేరుగా చదవదు, న్యూఎలియాసెస్ అనే ఆదేశంతో దాన్ని తనకి అనువైన రూపంలోకి మార్చుకుని చదువుతుంది. ఎగ్జిమ్ నేరుగా ఆ పట్టికే చదువుకుంటుంది, దానికి ఆ ఆదేశంతో పని లేదు. అయినా డెబియన్ నిబంధన ఏమంటుందంటే, ఈ ఉద్యోగం చేసే ప్రతి మూటలోనూ న్యూఎలియాసెస్ అనే ఆదేశం ఉండాల్సిందే, అది ఏ పనీ చేయకపోయినా సరే. ఎందుకు? ఆ ఆదేశం కొట్టడం అలవాటైన మనిషి చేతికి, ఆ అలవాటుతో రాసిన ప్రోగ్రాములకి, తట్టుకోకుండా ఉండాలని. అవసరం లేని చోట కూడా మెట్టు కట్టి పెట్టారన్నమాట.

డెబియన్ పద్ధతి ఒక్కటే లేదు. రెడ్ హాట్‌లో సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ రెండూ ఒకే కంప్యూటర్లో ఉండొచ్చు. ఆల్టర్నేటివ్స్ అనే పనిముట్టు, సెండ్‌మెయిల్ అన్న పేరు ఎవరివైపు చూపించాలో మారుస్తుంది. అది బాగానే ఉంటుంది గానీ, వేలు ఒకరివైపు తిప్పినంత మాత్రాన గుమ్మం దగ్గర కూర్చున్నవాడు లేవడు. వాణ్ణి విడిగా ఆపాలి. ఫ్రీ బి.ఎస్.డి. దారి ఇంకోటి. అక్కడ సెండ్‌మెయిల్ అన్న పేరు వెనక మెయిల్‌రాపర్ అనే చిన్న గుమాస్తా ఉంటాడు. వాడు చేసేదల్లా ఒక చిన్న ఫైలు చూసి, పిలుపుని అసలు మనిషికి అందించడం. ఆ ఏర్పాటు వల్లే, 2023 నవంబరులో వచ్చిన 14వ విడుదలలో ఫ్రీ బి.ఎస్.డి. తన పాత సెండ్‌మెయిల్ని పక్కన పెట్టి డ్రాగన్‌ఫ్లై మెయిల్ ఏజెంట్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకున్నప్పుడు, దాన్ని పిలిచే ప్రోగ్రాముల్ని మార్చవలసిన పని పడలేదు. నలభై ఏళ్ళ ముసలి పేరు అలాగే ఉంది, పేరు వెనక మనిషి మారాడు.

క్యూమెయిల్ ఏమైందని అడగొచ్చు. మార్చిన రూపాన్ని పంచకూడదని దాని లైసెన్సులో ఉండేది. అందుకని డెబియన్‌వాళ్ళు దాన్ని అందరితోపాటు మామూలు మూటగా కట్టలేకపోయారు, సోర్సు ఇచ్చి ఎవరికి వారు తయారుచేసుకోమనేవారు. 2007లో బెర్న్‌స్టయిన్ దాన్ని అందరి సొత్తుగా ప్రకటించేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. అంటే ఒకదాని బదులు ఒకటి పెట్టుకోవాలంటే ప్రోగ్రాము బాగుంటే సరిపోదు, కాగితాలు కూడా బాగుండాలి.

మళ్ళీ నా గరాజ్‌కి వద్దాం. ఆ రాత్రి నేను ఎగ్జిమ్‌ని దాని సెట్టింగులతో సహా పూర్తిగా తుడిచేయమన్నాను. అప్పుడు తెరమీద ఒక నీలం పెట్టె వచ్చి ఏదో అడిగింది. నేను చదవకుండా ఎంటర్ కొట్టాను. పోస్ట్‌ఫిక్స్ కూర్చుంది. పరీక్షకని లిస్టుకి ఒక ఉత్తరం రాస్తే, అలాంటి పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు అని వెనక్కి వచ్చింది. కారణం వెంటనే తెలిసింది. లిస్టుని నడిపే ప్రోగ్రాము మెయిల్‌మాన్. ఎగ్జిమ్‌తో ఉన్నప్పుడు, ఫలానా లిస్టు ఉందా అని మెయిల్‌మాన్ ఫైళ్ళలో చూసి తెలుసుకునేలా నేనే ఎప్పుడో ఒక నియమం రాశాను. పోస్ట్‌ఫిక్స్‌కి ఆ నియమం తెలియదు, దానికి మారుపేర్ల పట్టిక కావాలి. పట్టిక రాసి, న్యూఎలియాసెస్ కొట్టి, మళ్ళీ ఉత్తరం వేస్తే నలభై ఇళ్ళకీ వెళ్ళింది. సంతోషించి పడుకున్నాను.

ఆదివారం ఫోన్ వచ్చాక పోస్ట్‌ఫిక్స్ లాగ్ అంతా వెతికాను. ఆయన ఉత్తరం ఆనవాలు ఎక్కడా లేదు. అప్పుడు నీలం పెట్టె గుర్తొచ్చింది. ఇంకో కంప్యూటర్లో ఎగ్జిమ్ పెట్టి, ఒక ఉత్తరం ఇరుక్కునేలా చేసి, తీసేసి చూశాను. ఈసారి చదివాను. ఎగ్జిమ్ దగ్గర ఇంకా బట్వాడా కాని ఉత్తరాలు ఉన్నాయి, వాటిని కూడా చెరిపేయనా, లేకపోతే మళ్ళీ ఎగ్జిమ్ పెట్టినప్పుడు పంపడానికి ఉంచనా అన్నది ప్రశ్న. చదవకుండా ఎంటర్ కొడితే ఉంచుతుంది. మూట కట్టినవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఆలోచించారో చూడండి. వాళ్ళు అడిగారు, నేనే వినలేదు.

జరిగింది ఇది. ఆ సాయంత్రం మా ఇంటి మోడెం లైను వస్తూ పోతూ ఉంది. ఆయన ఉత్తరం లోపలికి వచ్చింది. అందింది అని ఎగ్జిమ్ రసీదు ఇచ్చింది. కాపీలు నలభై ఇళ్ళకీ పంపబోతే లైను పోయింది. కాసేపాగి మళ్ళీ పంపుదామని సంచిలో పెట్టుకుంది. ఆ కాసేపట్లో నేను పోస్ట్‌మాన్ని మార్చేశాను. ఎగ్జిమ్ తన సంచిలో ఒక్కో ఉత్తరాన్ని రెండు ఫైళ్ళుగా పెడుతుంది, తలకట్టు ఒకటి, ఒళ్ళు ఒకటి. పోస్ట్‌ఫిక్స్‌కి వేరే సంచి, వేరే అరలు, ఉత్తరానికి ఒకే ఫైలు. ఒకరి సంచి ఇంకొకరు తెరిచి చూడరు, చూసినా చదవలేరు. ప్రొవైడ్స్, కాన్‌ఫ్లిక్ట్స్, రిప్లేసెస్ అనే మూడు మాటల్లో సంచి ప్రస్తావన లేదు.

ఈమెయిల్ ఒప్పందంలో బరువంతా ఆ రసీదు మీదే ఉంది. రసీదు ఇచ్చిన క్షణం నుంచి ఉత్తరం బాధ్యత పుచ్చుకున్నవాడిది. పంపినవాడు తన కాపీ చెరిపేసుకుంటాడు. రసీదు ఇవ్వకపోతే మాత్రం పంపేవాడు ఊరుకోడు, మళ్ళీ మళ్ళీ తలుపు కొడతాడు. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని ప్రమాణాల్లో ఉంది. దీన్నిబట్టి పోస్ట్‌మాన్ని మార్చే సరైన పద్ధతేమిటో మీకే తెలుస్తుంది. ముందు 25వ గుమ్మం మూసేయాలి. బయటివాళ్ళు తలుపు కొట్టి వెళ్ళి మళ్ళీ వస్తారు, ఏమీ పోదు. లోపల ఉన్న సంచిని పాత మనిషి చేతనే ఖాళీ చేయించాలి. మెయిల్‌క్యూ అనే ఆదేశం కొట్టి, సంచి ఖాళీ అని చూశాకే మార్చాలి. తరవాత గుమ్మం తెరవాలి. పూటలో అయ్యే పని. నేను గుమ్మం తెరిచిపెట్టుకునే, సంచి చూడకుండా, రాత్రి పదకొండింటికి చేశాను.

సంచి కాక ఇంకో చోట కూడా మాట కలవాలి, బయటికి అస్సలు కనబడని చోట. ఉత్తరం తెచ్చి ఇంటి పెట్టెలో వేసేవాడు, పెట్టె తెరిచి చదివేవాడు ఒకేసారి చెయ్యి పెడితే పెట్టె పాడవుతుంది. ఎవరు ముందు తాళం వేయాలి, ఏ తాళాలు ఏ వరసలో వేయాలి అని డెబియన్ నిబంధనల్లో రాసి ఉంది. రెండు మంచి ప్రోగ్రాములు రెండు రకాల తాళాలు వాడితే రెండూ తప్పు చేయకుండానే మీ ఉత్తరాలు చెడిపోతాయి.

ఇన్ని చిక్కులున్నప్పుడు మార్చుకునే సౌకర్యం ఎందుకు, ఒక్కటే పెట్టుకుని కూర్చోవచ్చు కదా అంటారేమో. 2019లో ఎగ్జిమ్ 4.87 నుంచి 4.91 దాకా ఉన్న విడుదలల్లో పెద్ద కన్నం ఒకటి బయటపడింది. బయటినుంచి ఉత్తరం పంపి ఆ కంప్యూటర్లో ఇష్టమొచ్చిన ఆదేశం నడిపించవచ్చు. రష్యా సైనిక గూఢచారి విభాగానికి చెందినవాళ్ళు దాన్ని వాడుకుంటున్నారని 2020 మేలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ బహిరంగంగా హెచ్చరించింది. ఎగ్జిమ్ నడుపుతున్నవాళ్ళు పరుగులమీద 4.92కి మారారు. ప్రపంచంలో అందరిదీ ఎగ్జిమే అయివుంటే 1988 కథ ఇంకా పెద్ద ఎత్తున జరిగేది.

మిగతా డీమన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. గడియారం డీమన్లు మార్చడం సులువు. డెబియన్‌లో వాటి ఉద్యోగం పేరు టైమ్ డీమన్. 2021లో వచ్చిన బుల్స్‌ఐ నుంచి, క్రోనీ పెడితే సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ దానంతటదే దిగిపోతుంది. వాటికి సంచి లేదు, పోయేది అంతకన్నా లేదు. కాకపోతే టైమ్‌సింక్‌డీ తన గడియారం మాత్రమే సరిచేసుకుంటుంది, క్రోనీ అడిగితే పక్కవాళ్ళకి కూడా టైము చెప్పగలదు. ఇల్లంతటికీ టైము చెప్పే కంప్యూటర్లో దీన్ని తీసి దాన్ని పెడితే ఉద్యోగం పేరు అదే ఉంటుంది, పక్కవాళ్ళ గడియారాలు మాత్రం మెల్లగా దారి తప్పుతాయి.

అడ్రసులు పంచే డీమన్ల దగ్గర మళ్ళీ సంచి వస్తుంది. ఎన్నో ఏళ్ళు అందరూ వాడిన ఐ.ఎస్.సి. డి.హెచ్.సి.పి.కి 2022లో ఐ.ఎస్.సి. సంస్థ స్వస్తి చెప్పి, తమదే అయిన కియా వాడమంది. పాత సెట్టింగుల్ని కొత్త రూపంలోకి మార్చే పనిముట్టు కూడా ఇచ్చారు. కానీ ఏ కంప్యూటరుకి ఏ అడ్రసు ఎప్పటిదాకా ఇచ్చాం అన్న లెక్కల పుస్తకం రెంటికీ వేరు వేరు రూపాల్లో ఉంటుంది. ఆ పుస్తకం పట్టించుకోకుండా మారిస్తే, ఒకరికి ఇచ్చిన అడ్రసే ఇంకొకరికీ ఇచ్చే ప్రమాదం ఉంది. ఇప్పుడు నేను ఏ డీమన్ని మార్చాలన్నా ముందు అడిగేది, ఇది ఎవరికైనా మాట ఇచ్చి ఉందా, ఆ మాట ఎక్కడ రాసుకుంది అని.

ఎగ్జిమ్ పాత సంచిలో మూడు ఉత్తరాలు దొరికాయి. ఒకటి ఆయనది. ఇంకొకటి ఎవరో వాడిన సోఫా ఉచితంగా ఇస్తామన్నది, మూడోది పిల్లల తెలుగు క్లాసు వేళలు మారాయన్నది. ఆయన ఉత్తరం తలకట్టులో నా కంప్యూటరు దాన్ని పుచ్చుకున్న వేళ నిమిషాలతో సహా ఉంది. అది తీసి ఆయనకి పంపాను, లిస్టు అందరికీ జరిగింది రాసి, తప్పు నాదని చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఆరేడు కుటుంబాలు ఆయనకి ఫోన్ చేశాయట, తెలిసుంటే మేం వెళ్ళేవాళ్ళం అని.

తరవాత వారం తీరిక చూసుకుని, ఆ సంచిని పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎగ్జిమ్ పెట్టి, ఖాళీ చేయమన్నాను. చెరిపేయడానికి మనసొప్పలేదు, పుచ్చుకున్న ఉత్తరాలు కదా. మూడూ నలభై ఇళ్ళకీ వెళ్ళాయి. అరగంటలో పక్క వీధిలోంచి ఒకావిడ మా ఇంటికి ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, వాళ్ళమ్మగారు శనివారం మళ్ళీ వస్తున్నారా? ఈసారి మేం వెళ్తాం, ఎవరికీ చెప్పకండి" అన్నారు.